ఖాకీ కట్ట

కలకత్తా మెటియాబ్రుజ్‌లో మా పక్కింటి వదినకూ నాకూ రక్తసంబంధం లేదు. ఇద్దరం శ్రీకాకుళం వైపు వాళ్లం, ఇద్దరి భర్తలూ ఓడల డాక్‌లో కూలీలు. ఇద్దరం ఒకే దర్జీ ఉస్తాదు దగ్గర కత్తిరించిన బట్టలు తెచ్చుకుని ఇంట్లో కుట్టేవాళ్లం. ఆ యేడు ప్రభుత్వం సరిహద్దు కాపలాకు ఎక్కువ డబ్బు కేటాయించి, కొత్త జవాన్లను తీసుకుందట. వాళ్ల చొక్కాల పని ఓ కంట్రాక్టరు ద్వారా మా ఉస్తాదుకు వచ్చింది. ఖాకీ కట్టలన్నీ వదినకే వెళ్లాయి. నాకు ఎప్పటిలాగే పిల్లల గౌన్లు.

కారణం ఒక చీటీ. సైజులు, జేబులు, భుజం పట్టీలు బెంగాలీలో రాసి ప్రతి ఖాకీ కట్టకూ కట్టేవారు. ఒక్క పట్టీ తేడా వస్తే కట్టంతా వెనక్కి వచ్చేది. వదినకు బెంగాలీ చదవడం వచ్చు. నాకు ఏ చదువూ రాదు.

ఆమె గుమ్మంలోనే మిషను వేసుకుని కూర్చునేది. "మన బొత్తాలే బోర్డరు కాత్తన్నాయి" అని దారిన పోయేవాళ్లకు చెప్పేది. ఆ మిషను చప్పుడు వింటుంటే నాకు అన్నం సహించేది కాదు.

ఒకరోజు సిగ్గు విడిచి అడిగాను. "ఒదినా, ఆ చీటీ సదవడం నాకూ నేర్పవా?"

"ఏటే, నీకూ జవాను కావాలేటి? ముందు ఆ గౌనుకి కుచ్చులు సరిగ్గా పెట్టు" అని పకపకా నవ్వింది.

బెంగాలీ బడికి వెళ్లే నా కూతురి పలక తీసుకుని, దాని దగ్గరే అక్షరాలు దిద్దాను. అప్పటికి నాకు నలభై దగ్గర పడుతున్నాయి. తెలుగు అక్షరాలు ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చాయి. మొదట వచ్చినవి ఆ చీటీ మీది బెంగాలీ అక్షరాలే. వానాకాలమంతా పట్టింది.

ఉస్తాదు బల్ల మీది పాత చీటీ తీసి, ఆయన ఎదుటే చదివాను.

"బాగా చదివావు దీదీ. కానీ ఖాకీ అయిపోయింది. ఈసారి సర్కారు డబ్బంతా ముళ్లకంచెకూ దీపాలకూ పెడుతున్నారట. బడి చొక్కాలున్నాయి, వాటికీ చీటీ ఉంది. తీసుకుంటావా?"

ఏడుపు వచ్చింది. అయినా తీసుకున్నాను. దారిలో పార్టీ ఆఫీసు గోడకు అతికించిన పేపరు ముందు ఆగి కూడబలుక్కుంటూ చదివాను. సరిహద్దు. ముళ్లకంచె. ఉస్తాదు అబద్ధమాడలేదు.

వదిన ఖాళీ మిషను తుడుస్తోంది. "నాకు కట్ట అంపనేదు. ఏటన్నాడే ఉస్తాదు?"

చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది. నాకు సంతోషం కలిగింది, దాచుకోవడం ఎందుకు?

మర్నాడు వచ్చి, "ఆ సొక్కాల్లో కొన్ని నాకియ్యవే" అంది. సగం ఇచ్చాను. చీటీ మాత్రం ఇవ్వలేదు. ఇరవై ఎనిమిది సైజు, ఒక జేబు అంటూ ఒక్కో వరసా పైకి చదివి వినిపించాను. ఆమెకు చదువు వచ్చని తెలిసే చదివాను.