మా పిన్ని పోయిన దారి

మా పిన్ని బతికుండగానే మా తాత ఆమె పేరున తలకు నీళ్లు పోసుకున్నాడు. నేనప్పుడు చిన్నపిల్లవాణ్ణి. కడప జిల్లాలోని మా ఊరి నుంచి సౌదీకి ఇంటిపనికి వెళ్లిన పిన్ని, ఆ ఇల్లు వదిలేసి ఒక యెమెన్ మనిషిని పెళ్లాడిందని, మతం కూడా మారిందని, అక్కడి నుంచే సెలవు మీద వచ్చిన పక్క ఊరి ఆమె చెప్పింది. తాత బావి దగ్గరికి పోయి తడిసి వచ్చి, మమ్మల్నందరినీ నీళ్లు పోసుకోమన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఆమె పేరు ఎత్తినవాళ్లు లేరు. కువైట్ యుద్ధం రోజుల్లో మాత్రం వార్తల వేళకు మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి రేడియోకు కాస్త దూరంలో నిలబడేది. ఎందుకని ఎవరూ అడగలేదు.

నేను ఏసీ మెకానిక్ పని నేర్చుకున్నాక సౌదీలోని రాబిగ్‌కు వీసా వచ్చింది. బట్టలు సర్దుతూ అమ్మ అంది:

"మీ పిన్ని పోయిండేది ఆ ఊరికేరా. నువ్వు మాత్రం ఎవుర్నీ అడగాకు."

చాలాకాలం అడగలేదు. మా క్యాంపు పక్కన ఒక మలయాళీ ముసలాయన బఖాలా ఉండేది. పాలు, సబ్బులు, ఫోను కార్డులు అన్నీ మాకు ఆ కొట్లోనే. ఒక మధ్యాహ్నం అక్కడి ఏసీ బాగుచేస్తూ, యెమెన్ మనిషిని పెళ్లాడిన పిన్ని గురించి నిచ్చెన మీద నుంచే అడిగేశాను.

"రొట్టెలాయన పెళ్లామా? ఆ తెలుగామె?" అన్నాడాయన హిందీలో. "ఈ సందు చివరే వాళ్ల పొయ్యి. ఆమె పిండి పిసికేది, ఆయన కాల్చేవాడు. అంతకుముందు పనిచేసిన ఇంటావిడ ఇస్త్రీపెట్టెతో ఆమె చెయ్యి కాల్చిందట. ఆ మచ్చ నేను చూశాను. రోజూ రొట్టెలకు వచ్చే మనిషి, ఒకరోజు వచ్చి మళ్లీ ఆ ఇంటికి పోలేదు."

"బాగానే ఉండేవాళ్లా?"

"గట్టిగా నవ్వేది. నా కొట్లోకి వినబడేది."

సద్దాం కువైట్‌లో దిగిన తర్వాత అంతా తిరగబడిందని చెప్పాడు. అప్పటిదాకా యెమెన్ వాళ్లకు కఫీల్ అక్కర్లేదు. మనకు ఉన్నట్టు పూచీ పడే సౌదీ యజమాని ఎవరూ లేకుండానే కొట్లు పెట్టుకుని బతికేవాళ్లు. యెమెన్ సద్దాం వైపు మొగ్గిందని, ఉన్నట్టుండి కఫీల్‌ను చూసుకోండి, లేదా వెళ్లిపోండి అన్నారు. రొట్టెలాయన తెలిసిన గుమ్మాలన్నీ ఎక్కాడు. ఏళ్ల తరబడి ఆయన రొట్టె తిన్నవాళ్లు కూడా తప్పుకున్నారు.

"లారీ మీద పరుపులు, పిండి గంగాళం. ఆమె ఒళ్లో చంటివాడు. ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చాను. అది తీసుకుని ముఖం తిప్పుకుంది," అని ఆగి, "ఆ పిల్లవాడు పెద్దవాడై మళ్లీ వచ్చాడుగా. నీళ్ల టాంకరు నడుపుతాడు," అన్నాడు.

తర్వాతి వారం ఆ కొట్టు ముందే అతన్ని కలిశాను. ఇరవై దాటిన మనిషి. టాంకరు దిగి నా వైపు తిరిగాడు. అచ్చంగా మా తాత ముక్కు. నాకొచ్చిన పనివాళ్ల అరబ్బీలో, అతనికొచ్చిన కాస్త ఉర్దూలో మాట్లాడుకున్నాం. మీ అమ్మ అక్క కొడుకునని చెప్పాను.

"మా అమ్మకు ఎవరూ లేరు. తనవాళ్లంతా పోయారని మా నాన్నకు ఆమే చెప్పిందట."

మేము ఆమెను చంపుకుంటే, ఆమె మమ్మల్ని చంపుకుంది.

మిగతాది అతను చెప్పాడు. సరిహద్దు దాటాక వాళ్లకు ఇల్లంటూ లేదు. యెమెన్‌లోని హొదైదా దగ్గర రేకులు, గోనెసంచులు కప్పుకుని వేలమంది ఒకేచోట పడున్నారు. ఆ మొదటి ఎండాకాలమే పిన్నికి జ్వరం పట్టుకుంది. నీళ్లకు వెళ్లిన భర్త తిరిగొచ్చేసరికి ప్రాణం లేదు. ఆ ఇసుకలోనే పూడ్చారు. తర్వాత అక్కడ ఇళ్లు లేచాయి. ఆ చోటు చూపించగలిగినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. తండ్రి కూడా ఎక్కువకాలం బతకలేదు. మేనత్త పెంచింది.

"అక్కడ పిల్లలు నన్ను ఇండియావాడా అనేవాళ్లు. ఇక్కడ యెమెనీ అంటారు," అన్నాడు. "ఒకటి అడగనా? అమ్మ నన్ను 'నాయనా' అని పిలిచేదట. అది నాకు పెట్టిన పేరా?"

పేరు కాదని, మా వైపు కొడుకును ముద్దుగా అలా పిలుస్తారని, తండ్రిని కూడా అలాగే పిలుస్తారని చెప్పాను. తల ఊపి టాంకరు ఎక్కి వెళ్లిపోయాడు.

ఇంటికి ఫోన్ చేసి చెప్పాను.

"మా చెల్లెలికి కొడుకులెవురూ లేరు," అని అమ్మ పెట్టేసింది.

శుక్రవారం తనే చేసింది.

"వాడు అన్నం తింటాడా, రొట్టెలేనా?"

"రెండూ తింటాడు."

"దాన్ని యాడ పెట్టినారంట?"

చెప్పాను. ఊకొడుతూ విన్నది.

"ఆడ చెట్టన్నా ఉండాదంటనా?"

"లేదంటమ్మా."

ఆ తర్వాత అతను ప్రతి శుక్రవారం మా గదికి వచ్చేవాడు. పప్పన్నం తిని, మా ఇంటివాళ్ల ఫోటోలు ఒక్కొక్కటే చూసి ఎవరెవరో అడిగేవాడు. ఒకసారి కడప చూపిస్తానన్నాను. అది జరగలేదు. కఫీల్ దగ్గర కాకుండా వేరేచోట పనిచేస్తున్నాడని తనిఖీలో పట్టుకుని దేశం దాటించారు. హొదైదా నుంచి కొన్నాళ్లు ఫోన్ చేశాడు. తర్వాత అక్కడ కూడా యుద్ధం వచ్చింది. బాంబుల చప్పుడుకు మేనత్త నిద్రపోవడం లేదని చెప్పిందే ఆఖరి మాట. ఆ నంబరు ఇప్పుడు మోగదు.

నేను రాబిగ్ వదిలి వచ్చేశాను. మీ తోబుట్టువుకు పిల్లలెందరని ఎవరైనా అడిగితే, అమ్మ ఈమధ్య ఒక కొడుకని చెబుతోంది. ఎక్కడుంటాడంటే లేచి లోపలికి పోతుంది.