మా రామచందర్ తెల్లకారు పాటలు

ఇంతమంది కూసున్నరు, ఒక్కలన్న అడిగిండ్రా? రామచందర్ తాత ఏ జబ్బుతోని పోయిండో అడిగిండ్రు. మోటకాడి చెలక ఎవరి పేరు మీద ఉన్నదో అడిగిండ్రు. నా మెడల గుండ్లు ఎన్ని తులాలో నిన్నగాక మొన్న పుట్టినోళ్ళు కూడా అడిగిండ్రు. మా తమ్ముడు రామచందర్ ఎట్లాంటి మనిషి అని మాత్రం ఈ ఇంట్ల ఎవ్వలూ అడగలే. మీకు అడిగే అవసరం ఏమున్నది? మీకు అన్నీ తెలుసు. నోటిదురుసు మనిషి అంటరు. గార్లల అంటరు, మన దంతాలపల్లిల అంటరు, ఆయన ఫొటోకు దండ వేసుకుంట కూడా అంటరు. ఇయ్యాల నేను చెప్తున్న, చెవులు ఇటు పెట్టుండ్రి.

రామచందర్ నాకన్న నాలుగేండ్లు చిన్నోడు. నన్ను ఊర్లనే ఇచ్చిండ్రు గనుక తమ్ముడు ఎప్పుడూ నా కండ్ల ముందే ఉన్నడు. మాటలు పంచేటప్పుడు దేవుడు ఎక్కడో లెక్క తప్పిండు, వాడి పాలు కూడా నాకే వచ్చింది. వాడు పదో తరగతి దాక చదివిండు, అయినా పంతులు వాడి గొంతు విన్నది హాజరు పిలిచినప్పుడే. మొగని గొంతు ఎట్లుంటదో పెండ్లయిన మూడో రోజుకు గాని తెలువలేదని మా మరదలు అనసూయ చెప్పేది. అసొంటి మనిషికి మీరు నోటిదురుసు అని పేరు పెట్టిండ్రు. మీ తెలివికి దండం పెట్టాలె.

వాడికి ఉన్న ఒక్క షోకు ఆ తెల్లకారు. హనుమకొండల ఒక డాక్టరు తోలి తోలి విడిచిపెడితే కొనుక్కొచ్చిండు. తెచ్చిన వారానికే మా పెద్దబిడ్డ పెండ్లయింది, అదే కార్ల అత్తగారింటికి తోలుకపోయిండు. అప్పటిసంది రివాజయింది. మా ఇంట్ల ఆడపిల్ల అప్పగింతలంటే తెల్లకారు, తోలేది రామచందర్. అట్ల పదకొండు మందిని దించి వచ్చిండు. ఏడ్చే పిల్లకు ఏం చెప్పాలో వాడికి తెలువది. అందుకని క్యాసెట్టు లోపలికి తోసేటోడు. పిల్ల ఏడుపు ఎంత పెరిగితే పాట చప్పుడు అంత పెంచేటోడు. ఎవరు ఎందాక ఏడ్చిండ్రో వాడికి బాగ యాది. జనగామకు ఇచ్చిన పెద్దబిడ్డ తొర్రూరు దాక ఏడ్చిందట. భూపాలపల్లికి పోయిన పిల్ల చెల్పూరు పొగగొట్టాలు కనబడేదాక ఆపలేదట. నా కొడుకు బిడ్డ వినీత చిన్నప్పటి నుంచే అడిగేది, తాతా, నేను ఎందాక ఏడుస్త అని. నువ్వు ఊరు కూడా దాటవు అని అనేటోడు. వాడు అంత పొడుగు మాట మాట్లాడేది దానితోనే.

వినీతకు గార్ల సంబంధం కుదిరింది. పిల్లగాడు మిథున్, బుద్ధిమంతుడే, కాదనను. వాళ్ళ అమ్మ అరుంధతి మాత్రం కొత్త కారు దిగి మా వాకిట్ల తెల్లకారును చూసి, వాసన వచ్చినట్టు ముక్కు ఇట్ల పెట్టింది. మా కార్ల టీవీ లెక్క తెర ఉన్నది, ఫోన్ల పాటలు ముట్టకుంటనే వస్తయి, మా కోడలు అండ్లనే రావాలె అన్నది. అప్పటికే తెల్లకార్ల క్యాసెట్టు తిరుగుడు మానేసి ఏండ్లయింది. రామచందర్ నేల చూసుకుంట నిలవడ్డడు. నేనుండి, పాటలు వస్తే మా కార్లనే పంపుతం అన్న. ఆమె నవ్వింది.

"రానియ్యి పెద్దమ్మా. ఫోన్ల పాట గా డబ్బాల మోగితే మీ కార్లనే తోలుకరాండ్రి. మేం ఎనుక వస్తం."

ఇగ అప్పటిసంది వాడికి నిద్ర లేదు. పన్నెండో పిల్ల, ఇంట్ల ఆఖరి ఆడపిల్ల, అది ఎవరి కార్లనో పోతదా? ముందుగాల ఫోనును ఇత్తడి చెంబుల పెట్టి చూసిండు. చెంబుల నుంచి పాట వచ్చింది, బాయిలపడ్డోడు పిలిచినట్టు. తరువాత మహబూబాబాద్ పోయిండు. బోర్డుల మీద అట్ల రాస్తరు గాని మాకు అది మానుకోటే. అక్కడ స్టీరియోల దుకాణం ప్రభాకర్, ఆ పాతది పీకేసి కొత్తది పెడుతా అన్నడట. రామచందర్ ఒప్పుకోలే. ఆ బటన్లు చూడకుంటనే వాడి ఏళ్ళకు దొరుకుతయట. అప్పుడు ప్రభాకర్ తోకున్న క్యాసెట్టు ఒకటి ఇచ్చిండు. క్యాసెట్టు లోపలికి, తోక ఫోనుకు. మా టేపు దాన్ని మింగుడు, మళ్ళ బయటికి ఉమ్ముడు. చంటిపిల్లకు చేదు మందు పోసినట్టే ఉండె.

ఆఖరికి ఒక పుల్ల దొరికింది. కార్ల సిగరెట్టు అంటించుకునే బొక్క ఉంటది గదా, అండ్ల గుచ్చాలె. రామచందర్ జన్మల బీడి ముట్టలే, ఆ బొక్క ఇన్నేండ్లు ఉత్తగనే ఉన్నది. ఆ పుల్ల ఫోన్ల పాటను గాలిల వదులుతది. కార్ల రేడియోను ఎనభై ఎనిమిదో నంబరు మీద పెడితే ఆ పాట అండ్ల పడతది. తెల్లకార్ల పాట మోగిన దినం వాడు ఊరంతా మూడు చుట్లు తోలిండు. వారం దినాలు రోజూ తోలి చూసుకున్నడు. అయితే ఒక్కటి చూసుకోలే. పాట నడుస్తుండంగ ఎవరన్న ఫోను చేస్తే ఏమయితదో వాడికి తెలువది. తెలిసేదెట్ల? మాట్లాడని మనిషికి ఫోను చేసేదెవరు?

పెండ్లి అయింది, బువ్వలయినయి, మధ్యాహ్నం రెండు గంటలకు అప్పగింతలయినయి. కొత్త జంట తెల్లకారు ఎక్కింది. అప్పుడు ఆ నోరులేనోడు జన్మల మొదటిసారి గొప్పలకు పోయిండు. ఎనుక కొత్త కారు తోలే శ్రావణ్ దగ్గరికి పోయి, మీ రేడియో ఎనభై ఎనిమిది మీద పెట్టు, నా పాటలు మీకు కూడా వస్తయి అని చెప్పిండు. శ్రావణ్ పెట్టిండు. కార్లు దగ్గరుంటే పాట వస్తుండె, దూరమయితే గరగర అంటుండె. పాటలు మంచిగున్నయి, జర దగ్గరగ పోనియ్యి అని అరుంధతే అన్నదట. చూసిండ్రా మా కర్మ.

వినీత ఊరు దాటినా ఆపలే, మానుకోట దాటినా ఆపలే. రామచందర్ చప్పుడు పెంచుకుంట పెంచుకుంట పోయిండు. గార్ల ఇంక దగ్గర పడ్డదనంగ రైలు గేటు పడ్డది. తెల్లకారు ఆగింది, దాని తోకకు ఆనుకొని కొత్త కారు ఆగింది. అప్పుడే నేను, ఇంట్ల పీట మీద కూసోని, పిల్ల చేరిందో లేదో అడుగుదామని ఫోను చేసిన. వాడు ఎత్తిండు. ఎత్తితే ఊకుంటనా?

"రామచందరూ, చేరిండ్రా? గా అరుంధతిని జూసినవా, కోడికూరల ఉప్పు లేదనుకుంటనే రెండు టిఫిన్ల నిండ ఎత్తుకపోయింది. తెర కారట తెర కారు, గేటు పడితే అది గూడ ఆగుడే గద. గా ఇంట్ల మన పోరి నోరు లేవనిస్తదో లేదో తమ్మీ, నాకు బుగులయితాంది."

నా గొంతు రెండు కార్లల మోగింది. వాడు ఫోను ఆపబోయి కంగారుల క్యాసెట్టు బటను ఒత్తిండట. నేను ఇంకా ఆమె పట్టుచీర గురించి చెప్పుకుంటనే ఉన్న. అగో, అక్కడ ఆగింది నా మనుమరాలి ఏడుపు. కొంగు నోట్ల కుక్కుకొని నవ్విందట. ఇదంతా నాకు చెప్పింది అదే.

అరుంధతి ఎండల దిగి వచ్చి వాడి కిటికీ కాడ నిలవడ్డది. ఎవరిది మామా గా గొంతు అని అడిగింది. రేడియోల ఏదో నాటకం వస్తాందమ్మా అన్నడు వాడు.

"నాటకంల నా పేరు గూడ ఉన్నదా మామా? మా టిఫిన్లు గూడ ఉన్నయా?"

వాడు చెమట తుడుచుకొని, చేతులు స్టీరింగు మీద పెట్టి చెప్పిండట.

"గొంతు మా అక్కదే. మాటలు నావి. నా కారు వద్దన్నరని కడుపుల పెట్టుకొని, పొద్దటిసంది ఆమె చెవుల నేనే నూరిపోసిన. ఆమెనేం అనకుండ్రి, ఏమన్న ఉంటే నన్ననుండ్రి."

పొద్దటిసంది వాడు నాతోని మాట్లాడింది ఒక్కటే. నీళ్ళియ్యి అక్కా అన్నడు. అంతే.

అరుంధతి ఏం అరవలే. పిల్లను, పిల్లగాన్ని దింపి కొత్త కార్ల కూసోపెట్టుకున్నది. గేటు లేచింది. పన్నెండో పిల్ల తెర కార్ల గార్లకు పోయింది. వాడు అక్కడి నుంచి వెనక్కు తిప్పుకొని రావచ్చు. రాలే. ఖాళీ కారును వాళ్ళ కారుకు ఆనిచ్చి తోలుకుంట పోయిండు, పాటలు ఆపకుంట. శ్రావణ్ నంబరు మార్చలే, అరుంధతి మార్చమనలే. వినీత అత్తగారి గడప దాక విన్నది తాత పుల్ల పాటలే. వాకిలి కాడ దాన్ని దింపినంక చేతులు ఊపి వచ్చిండు, బువ్వకు కూడా ఆగలే.

గట్ల ఎందుకు చెప్పినవురా అని నేనడిగిన.

"నువ్వు దాన్ని చూడవోతుండాలె గదక్కా. నేను పోకున్న నడుస్తది."

నడిచింది, మంచిగనే నడిచింది. నేను గార్ల పోతే అరుంధతి నాకు పీట వేసి, గడ్డపెరుగు పోసి, పాపం పెద్దమ్మది మెత్తటి మనసు, ఆ తమ్ముడే చెడగొట్టిండు అనేది. నేను పెరుగన్నం తిన్న. మూడేండ్లు తిన్న. వినీత కొడుకు పుట్టెంట్రుకలకు ఊరంత పోయింది, వాడిని పిలవలే. ఆ దినం వాడు వాకిట్ల కారు కడుక్కుంట కూసున్నడు. నేను కొత్త చీర కట్టుకొని వాడి ముందటి నుంచే నడిచిపోయిన. నిరుడు వాడి దినాలకు అరుంధతి వచ్చి, మనిషి మంచోడే గాని నోరే జర దురుసు అన్నది. మీరందరు తలకాయలు ఊపిండ్రు. నేను కూడా ఊపిన.

ఆ నోరు వాడిది కాదు, నాది. వినీతా, మీ అత్తకు ఇదే ముక్క చెప్పు, కావాలంటే నాకు పీట వెయ్యొద్దను. ఆ పుల్ల ఇంకా తెల్లకార్లనే ఉన్నది, ఎవ్వలూ పీకకుండ్రి.

రామచందర్ పోయిననాటికి అరవై ఆరేండ్లు.