రుక్మిణి ఏరిన పుస్తకం

ఏన్కూరు దాటి అడవిలోకి పోయే దారిలో ఒక చిన్న పల్లె. అక్కడి వయోజన విద్యా కేంద్రానికి రుక్మిణి ప్రేరక్. పుట్టిల్లు మధిర. పెద్దవాళ్ళకు చదువు చెప్పడం ఆమెకు కష్టం కాదు. వాళ్ళ చేతిలో పెట్టదగ్గ పుస్తకం దొరకడమే గగనం.

రెండు వేల ఐదు వానాకాలంలో ఆఫీసు నుంచి పుస్తకాల మూట వచ్చింది. విప్పి చూసేసరికి ఆమెకు ఒళ్ళు మండింది. తునికాకు కోసుకుని బతికే ఊరికి కొబ్బరి తోటల పెంపకమట! రొయ్యల చెరువులట! మిగిలినవాటిలో చీమ తలకాయంత అక్షరాలు, లేదంటే నోరు తిరగని గ్రాంథికం. మూట తెచ్చిన సూపర్‌వైజర్ జంపయ్య మీద విరుచుకుపడింది.

"ఇవి ఎవరన్నా చదివే పంపారా సార్?"

"వచ్చినయి తెచ్చిన. సంతకం పెట్టు తల్లీ, బస్సు పోతది" అన్నాడు జంపయ్య.

మూటంతా గాలించి ఒక్కటే ఏరింది. పిల్లల విరేచనాలకు ఇంట్లో చేసుకునే వైద్యం. పెద్ద అక్షరాలు, పొట్టి వాక్యాలు. ఎంత వెతికినా వంక పెట్టడానికేమీ దొరకలేదు. చదవడం అప్పుడప్పుడే పట్టుబడుతున్న బుల్లెమ్మకు దాన్నిచ్చి, "ఇంటికి తీసుకుపో పెద్దమ్మా" అంది.

వారం తిరక్కముందే బుల్లెమ్మ మనవడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కబురు తెలిసి రుక్మిణి వెళ్ళేసరికి పిల్లవాడి కళ్ళు లోతుకు పోయాయి.

"బుక్కుల ఉన్నట్టే తాపుతున్న బిడ్డా. నీళ్ళు కాగబెట్టిన, ఉప్పేసిన, పంచెల వడగట్టిన" అంది బుల్లెమ్మ.

"పంచె ఏంది పెద్దమ్మా?"

బుల్లెమ్మ పుస్తకం తెచ్చి వేలు పెట్టి కూడబలుక్కుంది. "చిటికెడు ఉప్పు, పంచ... దార. పంచెలకెల్లి దార పోయమనే కద?"

రుక్మిణి పుస్తకం లాక్కుని చూసింది. పంచదార! ఈ ఊళ్ళో దాన్ని చక్కెర అంటారు. కొట్లో తనూ చక్కెర అనే అడుగుతుంది. అయినా చదివేటప్పుడు ఆ మాట దగ్గర కన్ను ఆగలేదు, పుట్టింట్లో విన్న మాట కాబట్టి.

అప్పటికప్పుడు చక్కెర కలిపి తాగిస్తూ పిల్లవాణ్ణి ఆటోలో దవాఖానాకు చేర్చారు. సెలైన్ ఎక్కాక సాయంత్రానికి వాడు గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు వినబడ్డాకే రుక్మిణికి కోపం తిరిగొచ్చింది. ఆఫీసును తిడదామంటే పుస్తకం ఏరింది తనే. ఎవరి మీద చూపాలో తెలియక బుల్లెమ్మ మీద చూపింది.

"తెలియని మాటొస్తే నన్నడగొద్దా పెద్దమ్మా! ఇదివరకు ప్రతిదానికీ వచ్చేదానివిగా!"

"అక్షరం రానప్పుడు నీ కాడికే ఉరికొస్తుంటి బిడ్డా" అంది బుల్లెమ్మ. "ఇప్పుడు నాకు చదువొచ్చె గద."