అరవై అంగలు

మా డ్రిల్లు టీచర్ పోయారు. మంగళవారం పొద్దున పాడేరు బస్సు కోసం నిలబడి, నిలబడిన చోటే కుప్పకూలిపోయారట. ఫోన్ వచ్చేసరికి నేను అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు ఒలుస్తున్నాను. "ఏ టీచర్?" అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అదే జవాబు. ఫోన్ పెట్టేసి మిగిలిన గుడ్లన్నీ ఒలిచేశాను. ఇంకేం చేయాలో తోచలేదు.

ఆదివారమే కదా మా ఊరొచ్చారు! జీపు దిగుతూనే, "ఏటే గుంటా, ఇంకా పొడుగవలేదా?" అని నా నెత్తిన మొట్టారు. నాకిప్పుడు ఇద్దరు పిల్లలు. అయినా ఆవిడకు నేను ఆశ్రమ పాఠశాల ఖోఖో జట్టులోని పొట్టి గుంటనే. ఈ ఉద్యోగానికి నా చేత అర్జీ రాయించిందీ ఆవిడే.

అనంతగిరి కొండల్లో చదును నేల దొరకడమే గగనం. ఉన్న కాస్తా మడి, లేదంటే కల్లం. నూర్పిళ్లు అయ్యాక ఆ కల్లంలోనే మా ఆటలు. రిటైరయ్యాక కూడా టీచర్ ఆఫీసుల చుట్టూ తిరిగి, కాఫీ తోట పక్క మెరకను ఆటస్థలానికి ఇప్పించారు. ఆదివారం కొలతలకు వచ్చిన ఇంజనీరు, "ఇప్పుడు ఆడేవాళ్లు ఎంతమంది?" అన్నాడు. వాలీబాల్ కుర్రాళ్లు ఓ డజను మంది ముందుకొచ్చారు. "అయితే ఒక్క కోర్టు చాలు" అని రాసుకోబోయాడు.

"బేగి ఎల్లి నీ పిల్లల్ని తే" అన్నారు టీచర్ నాతో. అంగన్‌వాడీ పిల్లలందరినీ తెచ్చాను, చంకల్లో వాళ్లతో సహా. ఆ కోర్టు హద్దుకు అవతల చాప పరిపించి అందరినీ కూర్చోబెట్టారు. ఒకడు ఇంజనీరు టేపు కొస నోట్లో పెట్టుకున్నాడు.

"ఈళ్లు పదేళ్లకి ఎక్కడాడతారు బాబూ? అప్పుడు కొండని మల్లీ తవ్వుతావా ఏటి?"

ఇంజనీరు నవ్వేశాడు. "సరేనమ్మా, మీరు ఎక్కడిదాకా చూపిస్తే అక్కడిదాకా చదును చేయిస్తాను."

ఆవిడ టేపు ముట్టరు. "టేపు ఇంటికాడ మర్సిపోతాను గానీ కాళ్లు మర్సిపోను కదే" అనేవారు. పనస చెట్టు దగ్గర మొదలుపెట్టి, చాప దాటేదాకా అరవై అంగలు వేసి, బూటు కొసతో గీత గీశారు. గురువారం జేసీబీ వచ్చేసరికి తానే ఉంటానన్నారు.

బుధవారం ఆవిడ ఇంటికి వెళ్లాను. మా ఊరి మట్టి అంటిన కాన్వాసు బూట్లు ఉతికి, ఆరడానికి గోడకు ఆనించి ఉన్నాయి. ఇంకా తడిగానే ఉన్నాయి. లోపల ఆవిడను చూసినా నమ్మలేదు, ఆ బూట్లను చూసి ఏడ్చాను.

ఆ రోజు కురిసిన వానకు గీత కొట్టుకుపోయింది. గురువారం జేసీబీ డ్రైవరు, "ఎక్కడిదాకా తీయాలి?" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నాకు టీచర్ మీద కోపం వచ్చింది. ఒక్క గూటం పాతి వెళ్లకూడదా?

పనస చెట్టు దగ్గర నుంచి అంగలు వేశాను. అరవై అయ్యాయి కానీ చాప పరిచిన చోటు ఇంకా అవతలే ఉంది. ఇక్కడ ఆపితే ఒక్క కోర్టే.

వెనక్కి వచ్చి, కుచ్చిళ్లు ఎగదోపి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. డ్రైవరు ఇంజను ఆపి చూస్తున్నాడు. ఆవిడ అంగ అందుకోవాలంటే ప్రతిసారీ కాస్త ఎగరాల్సి వచ్చింది. అదేదో కొత్త ఆట అనుకుని, అంగన్‌వాడీ పిల్లలంతా ఎగురుతూ నా వెనకే వచ్చారు.