కాగితం మీద కోలుకున్న చెయ్యి

ఆ రోజు ఉదయం ఏడో నంబరు మంచం మీది పెద్దాయనకి సెలైన్ ఎక్కించే కాన్యులా పెట్టబోయి మూడుసార్లు గుచ్చాను. మూడుసార్లూ నరం తప్పిపోయింది. రాయ్‌పూర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను ఇరవై రెండేళ్లుగా స్టాఫ్ నర్సుని. ఎవరికైనా నరం దొరక్కపోతే "సుగుణ దీదీని పిలవండి" అనేవారు. అలాంటి నా చేతి వంక ఆ పెద్దాయన జాలిగా చూసి, "రాత్రి నిద్ర లేదా బేటీ?" అన్నాడు. లేదన్నాను. నిజానికి హాయిగా ఎనిమిది గంటలు నిద్రపోయాను.

మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ ఇస్తుంటే "నార్మల్ సెలైన్" అన్న మాట నోట్లో ముద్దయింది. నాలుక మడతపడింది. తరువాత నెలల తరబడి నేను తిప్పలు పడిన మడతల్లో అదే మొదటిది.

మాట తడబడడం, చెయ్యి పట్టు తప్పడం కలిసి వస్తే ఏమిటో నాకు తెలియదని చెప్పుకోలేను. స్ట్రోకుకి ఇంజెక్షన్ పనిచేసే నాలుగున్నర గంటలు దాటాక వచ్చిన పేషెంట్ల బంధువులని "ఇంతసేపూ ఇంట్లో ఏం చేశారు?" అని గద్దించినదాన్ని. నేను మాత్రం ఆటో ఎక్కి డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా రైల్వే క్వార్టర్‌కి వచ్చి ముసుగు తన్ని పడుకున్నాను. క్యాజువాలిటీకి వెళితే తోటివాళ్లు బీపీ చూస్తారు. చూస్తే, ఏడాదిగా నేను బీపీ మాత్రలు మానేసిన సంగతి బయటపడుతుంది. ఊళ్లో అందరి బీపీ చూసే మనిషి తన బీపీ సంగతి చూసుకోలేదని నవ్వుతారని సిగ్గు. ఆ సిగ్గు ఖరీదు ఎంతో అప్పటికి తెలియదు.

సాయంత్రం మా ఆయన దేవసహాయం రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చారు. ఆయన అక్కడ ఫిట్టరు. టీ ఇస్తుంటే నా వంకే చూశారు.

"ఏందే, గ్లాసు అట్టా పట్టుకున్నావ్?"

"ఎట్టా?"

"చంటిపిల్ల పట్టుకున్నట్టు. ఏదీ, ఒకసారి నవ్వు."

"నవ్వడానికి మీరేం జోకేశారని?"

"నవ్వవే తల్లీ!"

నవ్వాను. ఆయన నవ్వలేదు. స్కూటర్ తాళం తీశారు. మూతి ఒక పక్కకి పోతోందేమో నవ్వించి చూడాలని ఆయనకి నేర్పింది నేనే.

మా ఆసుపత్రిలోనే సీటీ స్కాన్ తీసి, మెదడులో బ్లీడ్ లేదన్నారు. ఎమ్మారై తీశాక న్యూరాలజిస్టు వచ్చి, "చిన్న లాక్యునర్ ఇన్‌ఫార్క్ట్, సిస్టర్. లోపల ఒక సన్నటి రక్తనాళం మూసుకుపోయింది. ఎన్నింటికి మొదలైంది?" అని అడిగారు. పదిన్నరకి అన్నాను. ఆయన గోడ గడియారం వైపు చూశారు. ఏడు దాటింది. ఏమీ అనలేదు. నేనైతే అనేసేదాన్ని.

అయిదో రోజు డిశ్చార్జి చేస్తూ చెప్పారు. "మాట నెలలోపే దారికొస్తుంది. వేళ్ల సంగతి మీ చేతుల్లో ఉంది. మొదటి మూడు నెలలు ఎంత పని చేయిస్తే అంత. వేళ్ల సన్నపని, అదే ఫైన్ మోటార్, రాకపోతే వార్డు డ్యూటీ ఇవ్వలేం." కాన్యులా పెట్టలేని నర్సుని వార్డులో ఎందుకు ఉంచుకుంటారు? నా చెయ్యే నాకు చెయ్యిచ్చింది. దాన్ని మూడు నెలల్లో బతిమాలుకోవాలి.

ప్రతి గురువారం ఆక్యుపేషనల్ థెరపీ. థెరపిస్టు వర్ష మేడమ్‌కి పాతికేళ్లుంటాయి. నన్ను దీదీ అంటుంది. పిసకడానికి మెత్తటి ముద్దలాంటి పుట్టీ, తగిలించడానికి బట్టల క్లిప్పులు ఇచ్చి, చివర్లో ఒక పలకలాంటి చదరం కాగితం చేతిలో పెట్టింది. "కాగితం మడిచి బొమ్మలు చేయడం, దీన్ని ఓరిగామీ అంటారు దీదీ. ఫోన్‌లో బోలెడు వీడియోలున్నాయి. పడవతో మొదలుపెట్టండి, కొంగ దాకా వెళదాం. రోజూ అరగంట. ఒత్తాల్సింది కుడి బొటనవేలితోనే. చేసిన రోజు చార్టులో టిక్ పెట్టండి."

ఇంటికొచ్చి వీడియో పెట్టాను. వీడియోలో మనిషి ఉండదు, రెండు చేతులే ఉంటాయి. ఆ రెండూ సరిగ్గా పనిచేసేవి కావడమే నా మొదటి అభ్యంతరం. "అంచుని అంచుకి కలపండి, గోటితో గీయండి, బస్, అయిపోయింది" అని ఒక హిందీ గొంతు. దానికి అయిపోయేసరికి నాకు కాగితం తిన్నగా పెట్టుకోవడమే అవ్వలేదు. వేగం సగానికి తగ్గించాను. ఆ గొంతు మత్తు దిగని పేషెంటులా సాగింది గానీ, నా వేళ్లు ఇంకా వెనకే. మూల మూలకి కలిపితే మధ్యలో చిటికెన వేలంత సందు. లోపలికి వంచేది లోయ మడత, బయటికి వంచేది కొండ మడత అంది ఆ గొంతు. నా కాగితంలో లోయలూ లేవు, కొండలూ లేవు, అంతా గతుకుల రోడ్డే.

అయిదో రోజుకి నాలుగు పడవలు నలిపి పారేశాను. మా ఆయన పక్కన కూర్చుని చూస్తున్నారు. "ఇట్టా తే. ఇందులో ఏవుందే, షీటు వంచటమేగా. ముందు మార్కింగ్ సరిగ్గా పడాల" అని, బోల్టులు బిగించి మొద్దుబారిన ఆ వేళ్లతో నిమిషంలో పడవ మడిచి బల్ల మీద నిలబెట్టారు.

గురువారం నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఆ పడవ సంచిలో వేసుకున్నాను. ఎవరిదో చెప్పాలనే అనుకున్నాను. వర్ష మేడమ్ దాన్ని చూడగానే, "అరే వాహ్ దీదీ! ఇదీ మన స్టాఫ్ అంటే!" అంది. పక్క గదుల నుంచి ఇద్దరు వచ్చి చూశారు. నేను నవ్వాను. అప్పటికి మూతి తిన్నగానే వచ్చేసింది.

ఇక చార్టు. నర్సింగ్‌లో కొత్తగా ఉన్నప్పుడు టెంపరేచర్ చార్టు షిఫ్టు చివర ఒకేసారి నింపి సీనియర్ చేత చివాట్లు తిన్నాను. ఆ పాత విద్య అక్కరకొచ్చింది. బుధవారం సాయంత్రం కూర్చుని వారం టిక్కులన్నీ ఎడమ చేత్తో పెట్టేదాన్ని. సోమవారం నీలం పెన్ను, మంగళవారం నలుపు, బుధవారం సిరా అయిపోవస్తున్నట్టు కాస్త పల్చగా. ఆదివారం ఒకటి ఖాళీ వదిలేదాన్ని, చర్చికి వెళ్లి తీరిక దొరకనట్టు. చేతికి సత్తువ రాలేదు గానీ చేతివాటం మాత్రం బాగా వచ్చింది.

పడవ తరువాత కుక్క మొహం, ఇలా వారానికో కొత్త బొమ్మ వెళ్లేది. మా ఆయనకి మాత్రం ఇది నచ్చలేదు.

"ఇదేం పనే? ఫిజియో నా చేతికా, నీ చేతికా?"

"ఈ ఒక్కసారికే."

"పోయిన వారం కూడా ఒక్కసారే అన్నావ్. రేపు డ్యూటీలో ఇంజెక్షన్ కూడా నన్నే వచ్చి పొడవమంటావా?"

మూడో వారం కొంగ మడిచిచ్చారు. మెడ తీర్చినట్టుంది, రెక్కలు లాగితే ఆడాయి. నేను ఊరికే కొంగజపం చేస్తుంటే నిజం కొంగని ఆయన తయారుచేశారు. వర్ష మేడమ్ దాన్ని థెరపీ గది గోడకి అంటించి కింద హిందీలో రాసింది: సుగుణ సిస్టర్, మూడు వారాలు. మా అమ్మానాన్నలు పెట్టిన పేరు అంత సిగ్గుపడి ఎప్పుడూ ఉండదు.

గదిలో ఆమె ముందు పుట్టీ పిసికేటప్పుడు నా వేళ్లు అసలు రంగు చూపించేవి. "ఏసీ చలికి బిగుసుకుంటున్నాయి" అనేదాన్ని. తన తల్లి వయసున్న నర్సు అబద్ధం ఆడుతుందని ఆ పిల్ల ఎలా అనుకుంటుంది? చార్టు చూసి ఎక్సర్‌సైజులు పెంచింది. మణికట్టుకి బరువు కట్టి చెయ్యి పైకెత్తమంది. రెండు వారాల్లో భుజం పట్టేసింది. జడ వేసుకోలేను, పక్కకి తిరిగి పడుకోలేను. ఆర్థోపెడిక్ డాక్టరు చూసి "ఇంపింజ్‌మెంట్, భుజం కీలు లోపల కండరం నలుగుతోంది" అని, వర్ష మేడమ్‌ని పిలిచి నా ముందే అడిగారు: "ఈ చేతికి ఇంత లోడ్ ఎవరు ఇమ్మన్నారు?"

"సర్, ప్రోగ్రెస్ బాగుందని..." అంటూ ఆమె నా చార్టు తీసి చూపించింది. ఆయన చార్టు చూశారు, నా చెయ్యి చూశారు. "ఈ చార్టు ప్రకారం చెయ్యి ఇలా ఉండకూడదే" అన్నారు. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. నేను కుర్చీలో కూర్చుని నా చెప్పులు చూసుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది.

అదే గురువారాల్లో ఫూల్‌బాయి అని ఒకామె వచ్చేది. బీర్‌గావ్‌లో ఉంటుంది, ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో రొట్టెలు చేస్తుంది. ఆమెకీ స్ట్రోకే, కుడి చెయ్యే. ఆమె పడవ ప్రతిసారీ విడిపోయేది. విడిపోయినప్పుడల్లా తలెత్తి గోడ మీది కొంగని చూసేది. ఉన్నట్టుండి రావడం మానేసింది. మూడో గురువారం కూడా రాకపోయేసరికి వర్ష మేడమ్ నాతో చెప్పింది.

"ఫోన్ చేశాను దీదీ. 'మోర్ హాథ్ మర్ గే హే' అంటోంది. నా చెయ్యి చచ్చిపోయింది, సిస్టర్ దీదీకి మూడు వారాల్లో పిట్ట వచ్చింది, నాకు పడవే రావడం లేదు, ఇక ఆటోకి డబ్బులు దండగ అంటోంది. మీరు ఒక సాయం చెయ్యాలి. పడవ మడుస్తూ చిన్న వీడియో తీద్దాం. మీ చేతులే కనబడతాయి. మెల్లగా చెబుతూ మడవండి. మీరు చెబితే వింటుంది."

నా ముందు చదరం కాగితం పెట్టి ఫోన్ పట్టుకుంది. ఎర్ర చుక్క వెలిగింది. నేను అంచుని అంచుకి కలపబోయాను. కుడి బొటనవేలు జారింది. మళ్లీ కలిపాను. కాగితం తిరిగిపోయింది. మూడోసారి ఎడమ చెయ్యి తనంతట తానే సాయానికి వచ్చింది, దాన్ని వెనక్కి లాగాను. కుడిచేత్తో గీసిన మడత వంకరగా, తెల్లటి గాయంలా పడింది.

"ఈరోజు చలి కూడా లేదు దీదీ" అంది వర్ష మేడమ్ మెల్లగా.

"ఆ కొంగ మా ఆయన మడిచారు" అన్నాను. "పడవ, కుక్క మొహం, అన్నీ ఆయనవే. చార్టు నేను ఉత్తినే నింపాను."

ఆమె ఫైలు తెరిచి చార్టు పేజీలు వెనక్కి తిప్పింది. "పెన్నులు కూడా మార్చారా?" అని మాత్రం అడిగింది. కోపంగా కాదు. కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది.

"మీకేం వచ్చో ఏం రాదో తెలిస్తేనే కదా దీదీ నేను ఏదైనా చేయగలిగేది? రెండు నెలలు మీ ఆయనకి ట్రీట్‌మెంట్ ఇచ్చాను." ఫోన్ చూసుకుని ఉలిక్కిపడింది. "అయ్యో, రికార్డింగ్ ఆపలేదు. డిలీట్ చేసేస్తాను."

"వద్దు. ఫూల్‌బాయికి అదే పంపండి."

"మీరు చెప్పిందంతా ఉంది ఇందులో."

"ఉండనివ్వండి."

సాయంత్రం ఫూల్‌బాయి ఫోన్ చేసింది. ముందు పడీపడీ నవ్వింది. "సిస్టర్ దీదీ, అది పడవా, నలిగిన బీడీ కట్టా?" అంది. నేనూ నవ్వాను. అప్పుడు ఆమె నవ్వు ఆపింది.

"నేను ఇంట్లో కూర్చుని ఏడుస్తున్నానని నీకు తెలుసా?"

"రావడం లేదని తెలుసు."

"నీ పిట్టని చూసే మానేశానని తెలియదా?"

మూడో గురువారం దాకా ఎవరూ నాతో ఆ మాట అనలేదు. కానీ ఆమె తలెత్తి గోడ వైపు చూడడం నేను ప్రతివారం చూశాను. "తెలుసు" అన్నాను.

"వచ్చే గురువారం వస్తా. నా పక్కన కూర్చుని మడువు. నా కళ్ల ముందు" అని పెట్టేసింది.

అలా రెండు నెలలు పోగొట్టుకుని పడవ దగ్గర మళ్లీ మొదలుపెట్టాను. భుజం నొప్పి తగ్గేదాకా బరువులన్నీ ఆపేశారు. ఇంట్లో మందుల డబ్బాల్లో వచ్చే పల్చటి కాగితాలు చదరంగా కత్తిరించుకున్నాను. వాటిలో మడత బాగా నిలుస్తుంది. ఇరవై రెండేళ్లలో అలాంటివి ఎన్ని విప్పానో, ఒక్కటీ ఎప్పుడూ తిరిగి మడవలేదు. ఒక వీడియోనే పదిసార్లు, ఒక్కో మడత దగ్గర ఆపి, అది సరిగ్గా పడ్డాకే ముందుకి. మా ఆయనకి కాగితం ముట్టుకునే హక్కు లేదు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుని, "ఎడంపక్క... ఎడంపక్కే... సరేలే, నేనేం మాట్టాడను" అనేవారు. పడవ నిలబడడానికి మూడు వారాలు పట్టింది. కొంగకి అయిదు నెలలు. అది మెడ వాల్చేసి, జలుబు చేసినదానిలా ఉంది. ఫూల్‌బాయి దాని ముక్కు తుడవబోయింది.

ఇది జరిగి నాలుగేళ్లు. ఇప్పుడు ఓపీడీలో రిజిస్ట్రేషన్ దగ్గర కూర్చుంటాను. బీపీ చూస్తాను, నాది కూడా. మాత్రలు మానలేదు. కాన్యులా పెట్టను. ఈ చేతిలో స్ట్రోకు తీసుకున్నదెంత, నేను పారేసుకున్నదెంత అనేది ఏ ఎమ్మారైలోనూ కనబడదు. ఫూల్‌బాయి క్యాంటీన్‌కి తిరిగి వెళ్లింది, కానీ ఆమె కుడి చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా తెరుచుకోదు. ఆ మూడు గురువారాల వల్లేనా అని వర్ష మేడమ్‌ని అడిగాను. "చెప్పలేం దీదీ" అంది. చెప్పలేం అనే మాట మేము పేషెంట్ల బంధువులతో అనేదే. దాని అర్థం నాకు తెలుసు.

ఇది చదివేవాళ్లలో థెరపీకి వెళుతున్నవాళ్లుంటే ఒక్క మాట. వెళ్లేటప్పుడు మీకు వచ్చింది పట్టుకెళ్లకండి, అది ఇంట్లోవాళ్లకి చూపించుకోండి. రానిది పట్టుకెళ్లండి. పెట్టుకోలేని గుండీ ఉన్న చొక్కానే వేసుకెళ్లండి, తిప్పలేని మూత ఉన్న డబ్బానే సంచిలో వేసుకోండి. వాళ్ల ముందే ప్రయత్నించి, వాళ్ల ముందే ఓడిపోండి. వైద్యం అక్కడే మొదలవుతుంది.

నేను ఇంకా నెలకోసారి వెళుతున్నాను. వచ్చే గురువారం సూదీ దారం తీసుకెళుతున్నాను. ఎక్కించడం ఇంకా రాలేదు.