బావగారి పేరు

మా కలహండి ఊళ్లలో ఆడది మొగుడి అన్న పేరు పలకదు, ఆయన ఎదుట నోరెత్తదు. బిలాసిని ఇరవై రెండేళ్లు అలాగే బతికింది. మొగుడు పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆమె, పక్షవాతంతో మాట పడిపోయిన బావగారు. గుమ్మంలో గిన్నె పెట్టి, చెంబు నేలకేసి తట్టి తప్పుకునేది. ఆయన ఒంటిచేత్తో దేక్కుంటూ వచ్చి తినేవాడు. ఇద్దరికీ కలిపి ఒకటే రేషన్ కార్డు. కూలి వారంలో మూడు రోజులు దొరికితే గొప్ప. ఆ కార్డు బియ్యమే వాళ్ల ప్రాణం.

దొంగ కార్డులు ఏరేస్తామని సర్వే మనిషి వచ్చిన రోజున నేను ఇప్పపూలకు అడవికి పోయాను. నా ఖర్మ! పక్కింటి గుర్బారీని కదా, ఎప్పుడు అవసరమొచ్చినా ఆమె తరఫున ఆ పేరు చెప్పేది నేనే.

"కార్డులో రెండో మనిషెవరు?"

"ఇంటి పెద్ద, బాబూ."

"పేరు? కార్డు చూపిస్తే కాదు, నోటితో చెప్పాలి."

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఏమ్మా, నోరు విప్పితే ముత్యాలు రాలతాయా?"

"గుర్బారీ అక్క వచ్చి చెబుతుంది. పొద్దువాలేదాకా ఆగండి బాబూ."

"ఇంకా యాభై ఇళ్లున్నాయి నాకు!"

లోపలికి తొంగిచూసి ముసలాయన్నే అడిగాడు. ఆయన "బా... బా..." అన్నాడు. వాడు చేతిలోని పలకలాంటి ఫోనుమీద ఏదో నొక్కి పోయాడు. పై నెల డీలరు ఆమెను వట్టి సంచితో తిప్పి పంపాడు. కార్డు కొట్టేశారట.

బ్లాకాఫీసుకు మూడుసార్లు తిరిగాం. తిరిగిన ప్రతిసారీ ఇద్దరి కూలీ పోయింది. మూడోసారి గుమస్తా తలెత్తాడు.

"రెండో మనిషి పేరు చెప్పు, వెతుకుతా."

నేను నోరు తెరవబోయాను.

"నువ్వు కాదు. కార్డు ఎవరిదో వాళ్లే చెప్పాలి."

బిలాసిని కళ్లు మూసుకుంది. "దోళామణి మాఝీ!" అని అరిచేసింది. వరండాలో ఉన్న మా ఊరి మగవాళ్లు తలలు దించుకున్నారు. ఆమె కొంగు మొహం మీదికి లాక్కుంది.

గుమస్తా టకటకా కొట్టి చూశాడు. "ఆ పేరుతో ఎవరూ లేరమ్మా. తీసేశారు కదా! కొత్తగా దరఖాస్తు పెట్టుకో. పైనుంచి కోటా వస్తే చూద్దాం."

"ఎప్పుడొస్తుంది?"

"నాకేం తెలుసు?"

"నీ నోట్లో మన్నుపడ!" అన్నాను. మమ్మల్ని బయటికి గెంటారు.

ఇంట్లో బావగారికి మాట పోయింది గానీ చెవులు పోలేదు. వీధిలో అనుకున్నదంతా విన్నాడు. బిలాసిని పల్చటి రాగిజావ ఒకే ఒక్క గిన్నె కాస్తోందనీ, తాను తాగితే ఆమెకు మిగలదనీ తెలుసుకున్నాడు. గుమ్మం దగ్గరికి రావడం మానేశాడు. ఆమె చెంబు తట్టింది. మళ్లీ తట్టింది. రెండు రోజులు చూసి, మూడో రోజు గిన్నె పట్టుకుని లోపలికే పోయింది.

"బావగారూ, ఒక్క గుక్క. మీ కాళ్లు మొక్కుతాను."

అన్నేళ్లలో ఆయనతో ఆమె ఆడిన మొదటి మాట అది. ఆయన కళ్లు నిండాయి. బాగున్న చేత్తో గిన్నెను ఆమెవైపు నెట్టి, నువ్వే తాగమన్నట్టు సైగ చేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏడో రోజున ఆయన్ని కాటికి మోసుకుపోయాం.

ఆయన గిన్నె నెట్టిన పూట ఆ జావ ఆమే తాగింది. అదెలా దిగిందే తల్లీ అని అడిగాను. "పెద్దాయన చెప్పాక కాదనకూడదు కదక్కా" అంది.