దీపానికి వేసిన మంత్రం ఫర్నేస్‌కి తగిలింది

చలికాలానికి ఇల్లు వేడిచేసే ఫర్నేస్‌ని ఎలా సిద్ధం చేసుకోవాలని ఎవరైనా అడిగితే చాలు, మా ఆవిడ శైలజ నా వైపు వేలు చూపించి పక్కగదిలోకి పారిపోయి నవ్వుకుంటుంది. నవ్వనివ్వండి. ఈ పరాయి దేశంలో, బాతెల్ అనే ఊళ్ళో మేం కొన్న మొదటి ఇంటిని నా స్వహస్తాలతో ఐసుపెట్టెగా మార్చిన ఘనుణ్ణి నేను. అదీ ఎప్పుడు? ఆస్పత్రి నుంచి పసిబిడ్డ ఇంటికి రావాల్సిన రోజున! ఇప్పుడంటే చెబుతున్నాను గానీ, ఆ రోజు నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

మా పాప నెలలు నిండకుండానే పుట్టింది. పిడికెడంత ఉండేది. వారాల తరబడి ఆస్పత్రిలో గాజుపెట్టెలో ఉంచారు. శైలజ మకాం కూడా అక్కడే. తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు, పురుడు వెళ్ళగానే హాల్లో తూర్పు మూల పీట వేసి, దాని మీద దీపం వెలిగించారు.

"నా మనవరాలు క్షేమంగా ఇంటికి వచ్చేదాకా ఇది కొండెక్కకూడదు బాబూ" అన్నారు. ఆవిడ అర్ధరాత్రి కూడా లేచి నూనె పోసేవారు. నాకు దీపాల మీద పెద్ద పట్టింపు లేదు. కానీ ఆ రోజుల్లో నేను కూడా ఆఫీస్‌కి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి దాని వంక చూసుకునేవాణ్ణి. భయం మనిషిని మారుస్తుంది.

అక్టోబర్ చివర్లో డాక్టర్లు చల్లని కబురు చెప్పారు. పాప బరువు పెరుగుతోంది, త్వరలో ఇంటికి తీసుకెళ్ళొచ్చు. కానీ ఇల్లు వెచ్చగా ఉండాలి, తేడా రాకూడదు. "హీటింగ్ అంతా ఓకేనా?" అని నర్స్ అడిగింది.

"నేను చూసుకుంటాగా!" అన్నాను, ఆ ఫర్నేస్‌ని కనిపెట్టింది నేనే అన్నట్టు.

ఒక శనివారం నాలుగు వీడియోలు చూసి రంగంలోకి దిగాను. ఫిల్టర్ మార్చాను. దుమ్ము దులిపాను. వేడిని అదుపుచేసే థర్మోస్టాట్‌లో కొత్త బ్యాటరీలు వేశాను. పగలూ రాత్రీ కోడ్ రాసేవాడికి ఈ ఇనపడబ్బా ఒక లెక్కా అనుకుంటూ స్విచ్ నొక్కాను. ఫర్నేస్ గుర్రుమంది. నేను చేతులు దులుపుకునేలోపు హాల్లోంచి కేక వినిపించింది.

"బాబూ! దీపం!"

వెళ్ళి చూద్దును కదా, దీపం ఆరిపోయి పొగ వస్తోంది. అత్తయ్యగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. గబగబా మళ్ళీ వెలిగించారు. కాసేపు బాగానే ఉంది. ఫర్నేస్ మళ్ళీ ఆన్ అయింది. దీపం మళ్ళీ కొండెక్కింది.

"ఏదో అపచారం జరిగింది. పిల్ల ఇంటికొచ్చే వేళ ఇదేం చోద్యం తల్లీ!" అని ఆవిడ గోడకి చేరగిలబడి కళ్ళొత్తుకున్నారు.

కాస్త కళ్ళు తెరిచి చూస్తే సంగతి తెలిసిపోయింది. ఆ మూల గోడ కిందిభాగంలో పెద్ద ఇనప జాలీ ఉంది. ఇంట్లో గాలిని ఫర్నేస్ అందులోంచే పీల్చుకుని, వేడిచేసి, గదులన్నిటికీ పంపుతుంది. దీపం సరిగ్గా దాని మూతి దగ్గరుంది. ఆరక ఏం చేస్తుంది?

ఇక్కడ బుద్ధి ఉన్నవాడైతే ఆ ముక్క చెప్పేసి ఊరుకుంటాడు. నాకు మాత్రం రహస్యంగా రక్షకుడి వేషం వేయాలనిపించింది. అత్తయ్యగారు స్నానానికి వెళ్ళగానే, పాప ఉయ్యాలమంచం వచ్చిన అట్టపెట్టె నుంచి పెద్ద ముక్క కోసి, జాలీ విప్పి, ఫిల్టర్ ముందు దాన్ని బిగించి, మళ్ళీ మరలు తిప్పి, దీపం వెలిగించాను. ఫర్నేస్ ఆన్ చేశాను. దీపం కదల్లేదు, మెదల్లేదు, బుద్ధిగా వెలుగుతోంది.

అత్తయ్యగారు వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకున్నారు. "ఏం చేశారు బాబూ?"

అట్టముక్క పెట్టానని చెప్పొచ్చు. మా ఆవిడైతే చెప్పేదే. కానీ అత్తయ్యగారి కళ్ళల్లో నా మీద మొదటిసారి భక్తి కనబడింది. పెళ్ళయినప్పటి నుంచీ అక్కడ కనబడింది జాలి మాత్రమే. నోరు జారాను.

"కాస్త మంత్రం చదివానండీ."

"మీకు మంత్రాలు వచ్చా!"

"చిన్నప్పుడు తాతయ్య నేర్పారు" అన్నాను. మా తాతయ్య ఎలక్ట్రిసిటీ బోర్డులో మీటర్లు చూసేవారు. ఆయన ఆత్మ నన్ను క్షమించుగాక.

అరగంటలో తెనాలి అంతటికీ వీడియో కాల్ వెళ్ళింది. "మా అల్లుడు మంత్రం వేశాడే! దీపం చూడు, ఎలా నిలబడిందో!" అని పెద్దమ్మలూ పిన్నమ్మలూ వరుసగా నాకు దణ్ణాలు పెడుతుంటే నేను గంభీరంగా తలాడించాను.

మర్నాటి నుంచి ఇల్లు చల్లబడసాగింది. ఫర్నేస్ మొదలవడం, కాసేపు వేడిగాలి ఇవ్వడం, అంతలోనే టక్కున ఆగిపోవడం. థర్మోస్టాట్ పెంచాను. ఆగిపోయింది. బ్యాటరీలు మార్చాను. ఆగిపోయింది. బతిమాలాను, ఒక తన్ను కూడా తన్నాను. ఊహూఁ. సర్వీస్ వాళ్ళకి ఫోన్ చేస్తే, "మొదటి చలి కదా సార్, ఈ వారమంతా బుక్ అయిపోయింది" అన్నారు. బయట వాన, మంచుగాలి. అత్తయ్యగారు రెండు స్వెట్టర్లు, నా జాకెట్, దాని మీద శాలువా కప్పుకుని వంట చేస్తున్నారు.

వారం తిరిగేసరికి ఆస్పత్రి నుంచి శైలజ ఫోన్ చేసింది. "డిశ్చార్జ్ చేసేస్తున్నారు! మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్ళు. ఇల్లు వెచ్చగా ఉంది కదా?"

"ఆఁ... ఉంటుంది" అన్నాను. నోట్లోంచి ఆవిరి వచ్చింది.

పరుగున వెళ్ళి పక్కవీధిలో ఉండే కిరణ్‌ని పిలిచాను. వరంగల్ వాడు, నా టీంలోనే పనిచేస్తాడు. ఫోన్‌లో వీడియో చూసుకుంటూ ఇల్లంతా తిరిగాడు.

"అన్నా, ఫిల్టర్ ఏడుంది?"

"మార్చేశాన్రా."

"ఒక్కపారి చూస్తా" అని స్క్రూడ్రైవర్‌తో జాలీ ముందు కూర్చున్నాడు. పక్కనే దీపం. దీపం పక్కనే అత్తయ్యగారు.

"వద్దు! దాన్ని ముట్టుకోకు!" అని ఒక్క గెంతు గెంతి చెయ్యి పట్టుకున్నాను.

"ఏమైంది అన్నా?"

"అవును బాబూ, అక్కడ మంత్రం ఉంది" అన్నారు అత్తయ్యగారు.

కిరణ్ ఆవిడనీ, నన్నూ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఫోన్‌లోకి చూసి నెమ్మదిగా చదివాడు. "అన్నా, ఇంట్ల గాలి గుంజుకోనీకి దారి లేకుంటే, లోపల బాగా వేడెక్కి మెషీన్ దానంతట అదే బంద్ అయితదంట. నువ్వేమన్న అడ్డం పెట్టినవా?"

నా గుండె జారి అరికాళ్ళలోకి వచ్చింది. వారం నుంచీ ఇంటిని చంపుతున్నది నా అట్టముక్క! తీస్తే దీపం ఆరిపోతుంది, సరిగ్గా పాప ఇంటికొచ్చే గంటలో, ఆవిడ కళ్ళెదురుగా. తీయకపోతే ఆ పిడికెడు ప్రాణం ఈ చలిలోకి వస్తుంది. ఫోన్ మళ్ళీ మోగింది. "సంతకాలు అయిపోయాయి, బయల్దేరావా?" అంటోంది శైలజ.

ఇక ఆలోచించలేదు. మోకాళ్ళ మీద కూర్చుని మరలు విప్పాను. తొందరలో ఒకటి దొర్లిపోయింది. అట్టముక్క బయటికి లాగాను. కిరణ్ స్విచ్ వేశాడు. ఫర్నేస్ గుండెల నిండా గాలి పీల్చుకుంది. దీపం ఒక్కసారిగా జాలీ వైపు వాలిపోయింది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"అత్తయ్యగారూ, నన్ను క్షమించండి. మంత్రం లేదు, తంత్రం లేదు. మా తాతయ్యకి మీటర్లు తప్ప ఏమీ రావు. నేను పెట్టింది ఈ అట్టముక్క!"

కళ్ళు తెరిచి చూస్తే పీట ఖాళీగా ఉంది. అత్తయ్యగారు రెండు అరచేతులు అడ్డుపెట్టుకుని, దీపాన్ని కిచెన్‌లోకి తీసుకెళ్ళి, గట్టు మీద పెట్టి, వత్తి సర్దుతున్నారు. అది చక్కగా వెలుగుతోంది.

"అంతేనా?" అన్నాను.

"అంతే బాబూ. ఆ రోజు కళ్ళు తుడుచుకున్నాక, అక్కడ గాలి కొడుతోందని నాకు అనుమానం వచ్చింది. ఇక్కడికి మార్చేద్దామనుకుని, స్నానం చేసి వచ్చాను. ఈలోగా మీరు మంత్రం చదివానన్నారు. మంత్రించిన దీపాన్ని కదిపితే ఏం దోషమో అని, నేను చేతులు కట్టుకుని ఊరుకున్నాను."

కిరణ్ కార్పెట్ మీద పడి దొర్లాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. మధ్యాహ్నానికి ఇల్లు వెచ్చబడింది. పాప దుప్పటి పొట్లంలా లోపలికి వచ్చి, ఒకసారి ఆవులించి, హాయిగా నిద్రపోయింది.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, కొత్త ఫిల్టర్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక నా జన్మలో ఇంట్లో ఏ కన్నం ఎందుకుందో తెలియకుండా దాన్ని మూయను. చలికాలం పనులకి దుమ్ముగుడ్డా, స్క్రూడ్రైవరూ తప్ప మంత్రం వాడను. అన్నిటికీ మించి, "ఏం చేశారు బాబూ?" అని అత్తగారు అడిగితే, ఆవిడ ఎంత భక్తిగా చూసినా సరే, "అట్టముక్క పెట్టానండీ" అనే చెబుతాను.